నీళ్లు పోసిన డప్పు

మా తాత గాలయ్యకు పదిహేడు దరువులొచ్చు.
పెండ్లికొకటి, పీనుగుకొకటి,
ఎల్లమ్మ బోనం ముందర ఒకటి,
శిస్తు కట్టాలని చాటేతందుకు ఒకటి.
కట్టలేనోళ్లకు మాత్రం దరువే లేదని
నవ్వుకుంట చెప్పేటోడంట.

రజాకార్లు డిండి వాగు దాటిన రాత్రి
గుట్టెక్కి కొట్టిండు.
దానికి పేరు లేదు, అప్పుడే పుట్టింది.
సిటికెన పుల్ల జారి రాళ్లల్ల పడ్డది,
ఎతికే యాళ్ల లేదు, ఒక్క సిర్రతోనే కొట్టిండు.
ఊరు ఊరంతా ఆముదం చేన్లల్ల ఒదిగింది.
మా నాయనమ్మ సాలమ్మ తమ్ముడు బాలనర్సు మాత్రం
ఎడ్లను ఇప్పుకొస్తనని ఎనక్కి మర్లిండు.
ఎడ్లు వచ్చినయి.

తర్వాత మిలిట్రీ వచ్చింది.
రజాకార్లు పోయిండ్రు, కోపం పోలే.
కోపానికి ఒక మనిషి కావాలె,
చేతికందేటంత దగ్గర్ల ఉండాలె.
పీర్ల కొట్టం ఎనక మదార్ సాయబు ఉన్నడు,
దూది ఏకేటోడు.
ఊర్ల అందరి పరుపులల్ల ఆయన చెయ్యే ఉన్నది.
ఆయన విల్లుకు బాణమంటె తెల్వదు,
టుంగు టుంగుమని పొద్దంత పలుకుడే తెలుసు.

పదిమంది తాత గుడిసె ముందర నిలబడ్డరు.
"డప్పు కొట్టు గాలయ్యా, ఊరు కూడాలె."
తాత డప్పు తెచ్చి వేలితోటి కొట్టి చూపిచ్చిండు.
తడిసిన గోనెసంచి లెక్క బొద్దుమన్నది.
"తోలు నానింది పటేలా, పలుకదు."
పదొద్దుల సంది చినుకు లేదు.
వాళ్లు మొగులు దిక్కు చూసిండ్రు,
తాత నేల దిక్కు చూసిండు.

"తాగేతందుకు లేని నీళ్లు, బిందెడు,
దాని మీద గుమ్మరిచ్చిండు నీ తాత,"
నాయనమ్మ సచ్చేదాక తిట్టింది.
ఒక్కనాడు మాత్రం, పండ్లు లేని నోటితోటి, మెల్లగ,
"ఆ రాత్రి అది పలకాలనే ఉండె బిడ్డా, నాకు"
అన్నది.

డప్పు లేకున్నా పోయిండ్రు.
కానీ పదిమందే పోయిండ్రు.
మదార్ ఇంట్ల మనుషులు లేరు.
విల్లు విరిచి పొయిల పెట్టి వచ్చిండ్రు.
కర్నూలు పోయిండని కొందరు.
కొందరు ఏమనలే, బావి దిక్కు పోవుడు మానిండ్రు.

నెలన్నరకు పీర్ల నెల.
కొట్టానికి తలుపు లేదు, ఎత్తేటోడు లేడు.
తాత ఒక్కడే గుండం తవ్విండు,
తుమ్మ కంప ఏసి అంటుపెట్టిండు,
ఆ మంట మీదనే డప్పు కాపిండు.
నీళ్లు తాగిన తోలు నిప్పు తాగుతుంటె
పచ్చి వాసన వాడకట్టంత కమ్మిందంట.

రెండు రాత్రులు ఎవ్వరు రాలే.
మూడోనాడు గటుక పట్టుకొని నాయనమ్మ పోయింది,
తిట్టి తోలుకరావాలనే పోయింది.
దరువు పీర్లదే.
ఏటేటా తాను పాడేదే,
నది పక్కనే దూపకు ఎండి
కత్తులకు ఒరిగినోళ్ల మీద ఏడుపు.
పాడొద్దనుకున్నది.
నోరు దానంతట అదే ఎత్తుకున్నది.
హుసేను పేరు రావాల్సిన కాడ
బాలనర్సు పేరు వచ్చింది.
తాత దరువు ఆపలే.
సరిచెయ్యలే.
ఇంకో ఇంటి తలుపు తీసిన సప్పుడైందని చెప్తది,
ఎవరిదో చెప్పది.

నా డప్పుకు ప్లాస్టిక్ తోలు.
బోల్టు తిప్పితే చాలు, మంట అక్కర్లేదు.
దేవరకొండల గెలిచినోళ్ల ఊరేగింపుకు పోత,
ఓడినోళ్ల ఇంటి ముందర ఆపి
ఇంకింత గట్టిగ కొట్టుమంటరు.
కొడత. పూటకు ఎనిమిది వందలు.

మొన్న ఫోన్ల ఏదో దేశం.
దుమ్ముల పిల్లగాండ్లు ఉరుకుతున్నరు.
దాని కింద ఎవరో డప్పులు పెట్టిండ్రు.
నాకు తెల్వకుండనే నా వేళ్లు
తొడ మీద తాళం ఏసినయి.

రాత్రి అందరు పండుకున్నంక
చెంబెడు నీళ్లు పోసి చూసిన.
జారి కింద పడ్డయి.
వేలితోటి కొట్టిన.

ఫెళ్లున పలికింది.