ఇరవై ఎనిమిదో సెకను

ఉలాన్‌బాతర్‌లో మా కొట్టు మూడో అంతస్తు.
కిటికీకి కింద బొగ్గు పొగ, కిటికీకి పైన బొగ్గు పొగ,
మధ్యలో దుల్మా అక్క, నేను,
మూతలు విప్పిన పదకొండు కంప్యూటర్లు.

కనుబొమల మీద మంచు కరగకముందే
సోద్‌బిలెగ్ తన ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి
"నన్ను మోసం చేశారు" అన్నాడు.
వాడి స్నేహితుడి డెస్క్‌టాప్‌లోనూ ఇదే ప్రాసెసర్‌ట.
అదే ఇంటిపేరు, అదే తరం, అవే అంకెలు.
చివర ఒక్క అక్షరం వేరు.
"ఒక్క అక్షరానికి ఇంత తేడానా?"

అక్క అడిగిందానికి వెంటనే బదులిచ్చే మనిషి కాదు.
మూలనున్న డెస్క్‌టాప్‌ని ఇటు తిప్పింది.
రెండింటికీ ఒకే పని అప్పజెప్పింది,
వాడి పనే:
డ్రోన్ తీసిన ఫొటోల్లో గొర్రెల్ని లెక్కపెట్టడం.
నిలబడ్డవి ఒక లెక్క,
మంచులో కూలబడ్డవి ఇంకో లెక్క.
జుద్ వచ్చిన ఏడాది అది.
గడ్డి మీద మంచు గాజులా బిగిసిపోయి
మూతి ఆనించినా మేత అందని ఏడాది.

మొదట్లో చూడాలి ఆ ల్యాప్‌టాప్‌ని!
నాలుగున్నర గిగాహెర్ట్జ్, పక్కదానితో భుజం భుజం.
సోద్‌బిలెగ్ నా వైపు తిరిగి నవ్వబోయాడు.
నేను గోడ గడియారం చూస్తున్నాను.
ఇరవై ఆరు. ఇరవై ఏడు.
ఇరవై ఎనిమిదో సెకనులో
అది పరుగు మాని నడకందుకుంది.
రెండు పాయింటు ఏడు.
ఫ్యాను మాత్రం
ఇంకా పరుగెడుతున్నది తనే అన్నట్టు అరుస్తోంది.

ఆరంభశూరత్వం, అన్నాను.
"శూరత్వం సంగతి కాదు, తిండి సంగతి" అంది అక్క.
"దానికి నూట పాతిక వాట్ల భోజనం,
ఒళ్ళు చల్లార్చుకోను చేటంత ఇనుము.
దీనికి ముప్పై అయిదు,
అదీ వేలెడు మందం లేని ఇంట్లో.
ఆ ఇరవై ఎనిమిది సెకన్లూ అప్పు తెచ్చి పరుగెత్తింది పాపం."

డెస్క్‌టాప్ ఆరు నిమిషాల్లో లెక్క ముగించి
ఏమీ ఎరగనట్టు కూచుంది.
ల్యాప్‌టాప్‌కి పన్నెండు.
తొంభై ఏడు డిగ్రీల ఒళ్ళు.

అప్పుడు అక్క లేచి కిటికీ తెరిచింది.
బయట మైనస్ ముప్పై ఒకటి.
గదిలో ఉన్న కాసింత వెచ్చదనం ఒక్కసారే గడప దాటింది.
నడుస్తున్న ల్యాప్‌టాప్‌ని గట్టు మీద పెట్టి
"మళ్ళీ లెక్కపెట్టించు" అంది.

ఫ్యాను నోరు మూసుకుంది.
తెర మీద అంకెలు తేనెలో ఈదుతున్నట్టు కదిలాయి.
బ్యాటరీ ఎనభై నుంచి నలభైకి, కళ్ళ ముందే.
మేం టోపీలు దించుకుని, చంకల్లో చేతులు పెట్టుకుని,
గొర్రెల్ని చూస్తున్నాం.
తొమ్మిది నిమిషాలు.

"ఇంకా మూడు ఎక్కువే" అన్నాడు వాడు.
"చలి వేడిని తీస్తుంది. ఆకలి తీర్చదు."

లోపలికి తేగానే చెమట పట్టి బోర్డు తడుస్తుందని
ముందే ప్లాస్టిక్ సంచీలో చుట్టి, మూతి బిగించి తెచ్చింది.
వెచ్చబడేదాకా ముట్టుకోవద్దంది.
కెటిల్లో ఉప్పు వేసిన పాల టీ.

"ఎక్కడ లెక్కపెడతావు?" అడిగింది, కప్పు అందిస్తూ.
"జీపులో. డ్రైవరు పక్క సీట్లో.
ఒక్కోసారి మంద పక్కనే, మోకాళ్ళ మీద పెట్టుకుని.
గొర్రెలవాళ్ళు వెనక నిలబడి చూస్తారు.
ఎన్ని అని మాత్రం అడగరు."

అక్క డెస్క్‌టాప్ వైపు చూసింది,
దాని ప్లగ్గు వైపు చూసింది.
నోటుపుస్తకంలో మూడు అంకెలు రాసుకుంది:
ఆరు, పన్నెండు, తొమ్మిది.
చివరిదాని పక్కన, చిన్నగా, "కిటికీ".

సంచీ లోపలి గోడ మీద ఇంకా
నీటి చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ జారుతున్నాయి.
వాడు రెండో కప్పు పోసుకున్నాడు.