ఎడమచేతి వంపులు

గునుపూరు బజారు. పాత బట్టలకొట్టు.
షట్టరు సగానికెత్తి దూరాం లోపలికి
నేనూ, మంగళు సబరా, రెండు గోకుడు రేకులూ.
వినైలు చాప నిన్ననే చుట్టి తీసేశారు,
మిగిలింది జిగురు,
మాడిన పాకంలా, నలుపూ కాదు గోధుమా కాదు.
"రేపటికి నేల కనబడాలి, టైల్సు దిగుతున్నాయి"
తాళంచెవులు ఆడించుకుంటూ పోయాడు సాహుబాబు.

నేల కనబడ్డం అంత సులువేటి?

పొడి రేకు పెట్టాను. జారిపోయింది.
కిరసనాయిలు పోద్దామన్నాడు మంగళు.
వద్దురా, మూసిన గది. సిమెంటు తాగేస్తాది,
తాగిన సిమెంటు మీద ఏ టైలూ నిలబడదు.
ఎదురు టీకొట్లో నీళ్లు కాయించి
గోనెసంచులు ముంచి పరిచాం,
జ్వరం మనిషి పక్కన కూర్చున్నట్టు
కూర్చున్నాం, అది మెత్తబడేదాకా.
పొడిగా గోకితే లేచే దుమ్ము
ఊపిరితిత్తుల్లో కాపురం పెడతాదట.
ఆ మాట నాకు చెప్పినవాడు దగ్గుతూ చెప్పాడు.

గుమ్మం దగ్గరి సంచి లాగితే
పళ్లతాపీ గీతలు తేలాయి,
వంపు పక్కన వంపు.
ఏదో తేడా.
నా చెయ్యి తిరిగితే వంపు కుడికి తెరుచుకుంటాది,
ఇవన్నీ ఎడమకి.
గాల్లో తాపీ పట్టి తిప్పి చూశాను,
ఈ చేత్తో రాలేదు, ఆ చేత్తో వచ్చింది.
"పుర్రచెయ్యోడురా!"
"ఎవరు మేస్త్రీ?"

ఎవరో.
సాహుబాబు నాన్నగారి కాలంలో వచ్చుంటాడు,
పర్లాకిమిడి నుంచో, బరంపురం నుంచో.
పేరు తెలుగులో రాస్తాడో, ఒడియాలో రాస్తాడో,
వేలిముద్రే వేస్తాడో.
జిగురులో యాస వినబడదు.

జిగురు పూసేవాడు లోపలి మూల నుంచి
వెనక్కి వెనక్కి జరిగి గుమ్మంలో తేలతాడు.
నేను గుమ్మం నుంచి లోపలికి.
అంటే అతని రోజుని
సాయంత్రం నుంచి పొద్దుటికి గోకుతున్నాను.

ఇక్కడ గీతలు దూరం దూరం, భుజం లాగేసింది.
ఇక్కడ బీడీ ముక్క, తొక్కిన మడమతో సహా.
ఇక్కడ రెండు మోకాళ్ల గుంటలు,
అన్నానికి లేచి, మళ్లీ అక్కడే కూలబడ్డాడు.
నా మోకాలు పెట్టాను. ఒకటి సరిపోయింది.
మధ్యాహ్నం దాటి లోపలికెళ్లేకొద్దీ
వంపులు దగ్గరపడ్డాయి, లోతు సమానం,
ఎండెక్కని చెయ్యి.

చివరి మూల. అక్కడ మొట్టమొదటి వంపు.
ఒక్కటే.
కుడిచేతిది.

వంకర. వణికింది. సగంలో ఆపేశాడు.
దాని పక్క నుంచి ఎడమచెయ్యి అందుకుంది.

ఎవరో నిలబడి ఉంటారు వెనక,
కొబ్బరికాయ కొట్టిన చేతులు తుడుచుకుంటూ.
"శుభమా అని మొదలెడతా, ఆ చెయ్యేటి?"
అటు తిరిగాక, అడుగుల చప్పుడు షట్టరు దాటాక,
తాపీ చెయ్యి మారింది.

రేపు నాకు ఎవరూ ఏమీ చెప్పరు,
నాది కుడిచెయ్యి.

మంగళు బకెట్టు పారబోయడానికి వెళ్లాడు,
అది నాలుగోది.
ఆ వంపుని ఆఖర్న గోకాను.
మొత్తం గదిలో అదే గట్టిగా పట్టింది,
రేకు అంచు రెండుసార్లు మడతపడింది.
పల్చగా వేసిన జిగురు అంతే.