ఈ తేదీకి మాత్రమే

రామంతాపూర్ చెరువు కింది గల్లీ.
కాగితంలో నూట యాభై అయిదు గజాలు.
టేపు ఒక కొస సబీహా బేగం పట్టుకుంది,
రెండో కొస నాది.
"తూర్పు ముప్ఫై రెండు అడుగులు" అన్నాను.
"ముప్ఫై నాలుగుండాలె గద మేడం" అన్నాడు పర్వతాలు,
బ్యాంకుకీ ఇంటికీ మధ్య తిరిగే మనిషి.
కాగితం ఎప్పుడూ గోడకన్నా రెండడుగులు పొడుగు.

"కోటీ పది రాయుండ్రి, లోను పాసైతది.
మీ జేబుల కెల్లి పోతదా ఏమన్న?"
పోదు.
పోదు కాబట్టే నన్ను పిలిచారు.

ఏడాదిలో ఈ గల్లీలో మూడు అమ్మకాలు.
ఒకటి అన్నదమ్ముల మధ్య, లెక్కకు రాదు.
ఒకటి ఆపరేషన్ కోసం వారంలో తెగనమ్మింది,
దాన్ని ధర అనరు, ఆపద అంటారు.
మిగిలిన ఒక్కదాని మీద ఇంటిని నిలబెడితే
ఒంటికోడు మంచం.
పక్క రెండు గల్లీలూ తిరిగాను, ఎండలో,
అడిగిన ప్రతివాడూ తన ఇంటి రేటే చెప్పాడు.

చాయ్ తెచ్చింది. వద్దన్నాను.
"దీనికి గూడ రేటు కడ్తవా బేటీ?"
జవాబు దొరకలేదు.

కొత్త రంగు వాసన.
"ఆ ఫ్రిజ్ కొంచెం జరుపుతారా?"
వెనక, నా మోకాలి ఎత్తున,
మట్టిరంగు గీత,
ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు.
"ఒక్కటే రాత్రి వచ్చినయి నీళ్లు" అందామె,
నా మొహం చూడకుండా.

రెండేళ్ల కింద ఇదే ఇంటికి
ఇంకో లోను కోసం నేనే రాశాను:
వరద జాడలు కనబడలేదు.
ఫ్రిజ్ అప్పుడూ అక్కడే ఉంది.
కనబడలేదన్నది అబద్ధం కాదు.
జరపమని అడగలేదు,
అంతే.

ఆ రాత్రి రెండు కాగితాలు.
ఒకదాని మీద ఎనభై ఎనిమిది లక్షలు,
ఎందుకు తగ్గిందో నాలుగు పేజీలు,
ఈ ఆస్తిలో నాకు ఏ లాభమూ లేదన్న మాట,
సంతకం, స్టాంపు, తేదీ.
రేపటి ధర గురించి నాకు అభిప్రాయం లేదు.
రెండోది ఎవరూ అడగనిది:
నా పాత నివేదికలో ఏడో పేరా తప్పు,
తప్పు నాది.
ఇది రాయడానికే ఎక్కువ సేపు పట్టింది.
పర్వతాలు ఇక ఫోన్ చేయడు.
ఆ మేనేజరూ చేయకపోవచ్చు.

మధ్యాహ్నం నేను చెప్పులేసుకుంటుంటే
పర్వతాలు ఫ్రిజ్‌ను మళ్లీ గోడకు నెట్టబోయాడు.
"ఉండనీ" అంది సబీహా బేగం,
"గోడకు జర గాలి తగలనీ."