ఇతరములు

ఏర్పేడు దాటినాక, రైలుకట్టకి ఆవల
స్వర్ణముఖి ఒట్టి ఇసక.
బంగారం పేరులో మాత్రం మిగిలింది.
నడి ఏట్లో పదకొండు గుడారాలు.
గుడారాలంటే ఏముంది,
యూరియా సంచులు విప్పి కుట్టుకున్న నీడలు.

నా చేతిలో ఫారం, నాలుగు పేజీలు.
మొదటి గడి: ఇంటి నంబరు.
కెంపక్క భుజం మీది గొంగడి దులిపి
ఇసకలో పరిచింది.
"కూచో నాయనా, ఇల్లు ఇదే."

వలస వచ్చిన తేదీ?
"తేదీలు నాకేం తెలుసు.
మా బాయి అడుగున తాబేలు నడిచింది చూడు,
ఆ పొద్దు బయల్దేరినాం.
ఈదాల్సిన తాబేలు గదా అది,
నడిచింది."

కుటుంబ సభ్యులు?
వేళ్లు మడిచింది.
మొగుడు ముద్దప్ప, కొడుకు రేవన్న,
నెలలు నిండిన కోడలు శివనంజి,
మనవరాలు, కుక్క, నూటా ఇరవై నాలుగు...
ఆగి సరిదిద్దుకుంది.
"రేత్రి రెండు పోయినాయి. నూటా ఇరవై రెండు."
మనుషుల్ని మాత్రమే చెప్పవ్వా, అన్నాను.
"చెప్తా ఉండేది అదే గదా."

ఒకప్పుడు ఇదే దారిన మంద వస్తుంటే
రైతులు ఎదురొచ్చేవాళ్లంట.
కోత అయిన మడిలో రెండు రాత్రులు మంద కట్టి పొమ్మని
బస్తా వడ్లు, బెల్లం అచ్చు,
పెంటికలకి కూడా మర్యాద ఉన్న కాలం.
ఇప్పుడు మడీ లేదు, కోతా లేదు.
ఇంటిస్థలాలు అమ్మబడును అన్న బోర్డు నీడలో
ఒక పొట్టేలు నిలబడి నెమరేస్తోంది.
ఏం తిన్నదని నెమరేస్తోందో.

రేషన్ కార్డు ఉంది.
ఉన్ని వడికి వడికి వేళ్ల గీతలు అరిగి
ఆమె ఎవరో తెలీదంది మిషను.
శివనంజికి గుడ్డు కావాలంటే
అంగన్‌వాడీ పుస్తకంలో ఈ ఊరి పేరుండాలి.
ట్యాంకరొస్తే మనిషికి రెండు బిందెలు.
ఆ రెండో బిందె ఎటు పోతోందో
డ్రైవరుకి తెలుసు, అడగడు. మంచోడు.

అవసరాలు, ప్రాధాన్యత క్రమంలో:
బియ్యమా, టార్పాలినా, మందులా?
"ఉప్పు" అంది కెంపక్క.
వంటకి, ఒక కిలో, అని రాసుకున్నా.
"ఆనక నట్టల మందు."
అది పశువుల శాఖవ్వా. మాది మనుషుల ఫారం.
ముందు పళ్లు లేని నోటితో నవ్వింది.
"జీవం కాళ్లు చాపి పడుంటే
నా నోట్లోకి ముద్ద పోతుందా?
నన్ను రెండు తుంటలు చేసి అడగబాక అబ్బోడా."

అప్పుడే తిరుపతి రైలు.
కిటికీల నిండా
తలనీలాలు ఇవ్వబోయే తలలు.
ముద్దప్ప కత్తెర నూరుతున్నవాడు
అటు చూడనైనా చూడలేదు.
ఏ మొక్కూ లేకుండానే
ఏడాదికి రెండు మార్లు వెంట్రుకలిచ్చే మంద అతనిది.
ఈసారి కత్తెర పెట్టలేదు.
పెడితే
లోపలి ఎముకలు లెక్కకొస్తాయని.

కిటికీలోంచి ఎవరో సీసా విసిరారు.
అడుగున గుక్కెడు నీళ్లు.
మనవరాలు పరిగెత్తి పట్టుకొచ్చి
పిల్లగొర్రె నోట్లో వంచింది.
తర్వాత మూత లోపల
తన నాలుక పెట్టి చూసుకుంది.

నేను లేవబోతుంటే
ముసలి గొర్రె ఒకటి వచ్చి
నా మణికట్టు నాకడం మొదలుపెట్టింది.
పొద్దుటి నుంచీ ఎండలో పట్టిన చెమట.
గరుకు నాలుక, వెచ్చన.
విదిలించినా పోదు,
మోచేతి దాకా వచ్చింది.
కెంపక్క చూస్తోంది, ఏమీ అనలేదు.

నేను రాసిన కిలో వైపు చూశాను.
చివరి గడి ఇంకా ఖాళీ: ఇతరములు.
నేను రాసేది కుడిచేత్తో.
కుడిచెయ్యి
గొర్రె దగ్గరుంది.