అలకు సగటు

బళ్లో సగటంటే
అయిదుగురు పిల్లల మార్కులు కూడి అయిదుతో భాగించడం.
మల్కాపురం హైస్కూల్లో చాలాసార్లు చేశాను,
చాలాసార్లు తప్పాను.
కూడేవరకూ ఆ మార్కులు కదలకుండా ఉండేవి,
అదొక్కటే సుఖం.

ఇప్పుడు రాత్రి రెండుంపావు.
ఇన్నర్ హార్బరులో పడవ అంచున మోకాళ్ల మీద కూచుని
ఓడ పొట్ట మీది తెల్లంకెలు చదువుతున్నాను.
నీరు పన్నెండు ముప్ఫైఎనిమిది అంటుంది,
అంతలోనే కాదు, నలభైఏడంటుంది,
టార్చి వెలుగులో అంకె మింగేసి
మళ్లీ కక్కుతుంది.
ఒక్క సెంటీమీటరు
అరవైఅయిదు టన్నుల ఇనుపఖనిజం.
నా కనురెప్ప బరువు ఎవరూ తూచలేదు గానీ
ఒకసారి వాల్చితే రెండు లారీలు పోతాయి.

"అలని సూడకే గుంటా,"
వెలిగించని చుట్ట నములుతూ గనగళ్ల ఎర్రయ్య అంటాడు.
"అది ఆయాసం తీర్చుకునే సోటొకటుంటాది.
దాన్ని పట్టు. బేగి పట్టు, నాకు నిద్దరొస్తంది."

ముందు ఒకటి, వెనక ఒకటి, నడుముకి ఆరు,
మొత్తం ఎనిమిదితో భాగించు.
ఏడాదిపాటు ఎక్కంలా అప్పచెప్పాను.
ఆరెందుకని అడగలేదు,
అడిగితే నాకు రాదని తెలిసిపోతుందని.
ఓ మధ్యాహ్నం క్యాంటీన్లో
సోమలింగం గారే రెండు టీ గ్లాసుల మీద ప్లాస్టిక్ స్కేలు పరిచి
నడిమధ్య వేలితో నొక్కారు.
"ఇనుమూ ఇంతే. వంగుతుంది.
అంచులు సన్నం, నడుం వెడల్పు.
నీళ్లని ఎక్కువ తోసేది ఎవరో వాళ్ల మాటే ఎక్కువ వినాలి."
స్కేలు విరిగింది. నాదే. పన్నెండు రూపాయలు.

ఆయనకింకో చాదస్తం.
టాబ్లెట్ తెరిచేలోపు
ఎంతుండొచ్చో అరచేతిలో రాయాలి, బాల్‌పెన్నుతో.
బళ్లో ఉజ్జాయింపుకి మార్కుల్లేవు.
నోటికొచ్చింది రాశావా అని
లెక్కల మేడమ్ పేజీ చింపింది ఒకసారి.
ఆ చింపిన పేజీ మీదే ఇప్పుడు జీతం తీసుకుంటున్నాను.

మొన్నటి తుఫాను వానకి
మేహాద్రిగెడ్డ ఎర్రగా పొంగి రేవులోకి దిగింది.
మర్నాడు బెల్టు త్రాసు ఒకటి చెప్పింది,
టాబ్లెట్ నాలుగువందల పది టన్నులు ఎక్కువ చెప్పింది,
అదీ మూడు దశాంశాలతో, తడుముకోకుండా.
ఏజెంటు టాబ్లెట్‌ని నమ్మాడు.
చీఫ్ ఆఫీసరు టాబ్లెట్‌ని నమ్మాడు.
నేనూ నమ్మేదాన్నే,
అరచెయ్యి చెమటకి అలుక్కుపోయినా
మొదటి రెండంకెలు కనిపించకపోతే.

బకెట్టు తాడుకి కట్టి దించాను.
నీళ్లు టీ రంగులో వచ్చాయి.
గాజు కొలత అందులో వేస్తే
అలవాటైన గీత దాటి మునిగింది.
సముద్రానికి వెయ్యిన్ని ఇరవైఅయిదు,
ఇది వెయ్యిన్ని పంతొమ్మిది.
ఎవరో పాత అంకె మార్చకుండా వదిలేశారు.
ఆ ఎవరో నేనే.
రాత్రి పదకొండింటికి, ఆకలేసి.

అక్కడ అబద్ధం చెప్పొచ్చు.
చెప్పలేదని గొప్పగా రాసుకుందామనుకున్నాను గానీ
నిజానికి నోరు తెరిచేలోపే
సోమలింగం గారు బకెట్టులోకి చూసి
నా వంక చూసి
పెన్ను ఇచ్చారు, అంతే.

కొట్టేసి, పక్కన సంతకం పెట్టి
మళ్లీ మొదలుపెట్టాను.
డెబ్భైవేలు, వెయ్యికి ఆరు చొప్పున:
ఇది చేత్తోనే చెయ్యొచ్చు,
చేత్తోనే చేశాను.

తెల్లారాక డాల్ఫిన్ కొండ మీదుగా ఎండ పడ్డప్పుడు
పడవలోంచి మళ్లీ చదివాను, ఎవరూ అడక్కుండానే.
పన్నెండు నలభైమూడు.
టాబ్లెట్ ఇంకో గడి ఖాళీగా చూపించి
మెరుస్తూ అడుగుతోంది.
ఎర్రయ్య కునికిపాట్లు పడుతున్నాడు.
ఆ గడి వదిలేశాను.
అది అలది, నాది కాదు.