తూచినవారు

కెమి రేవులో సముద్రం గడ్డకట్టడం మొదలైన వారం
పై వాటాలో హిల్కా లెక్క మొదలుపెట్టింది.
కాగితం మిల్లులో ముప్పై నాలుగేళ్లు
రీళ్ల బరువు రాసిన చెయ్యి.
మిల్లు మూసేశారు. చెయ్యి మూతపడలేదు.

రెండుని నూట ఇరవై ఏడు సార్లు పరిచి గుణించి
ఒకటి తీసెయ్యి:
ముప్పై తొమ్మిది అంకెలు, చివర ఏడు.
ఎంతమంది కూర్చున్నా సమంగా పంచుకోలేరు దాన్ని,
ప్రధాన సంఖ్య అని పుస్తకాల్లో ఎప్పుడో రాసేశారు.
ఫోనుకైతే రెప్పపాటు పని.
"అయితే ఫోనుకి తెలుసు," అంది హిల్కా,
"నాకు తెలీదు కదా."

పద్ధతి చిన్నదే. నాలుగుతో మొదలు.
దాన్ని దానితోనే గుణించి, రెండు తీసి,
ఆ పెద్ద సంఖ్యతో భాగించి, శేషం ఉంచుకోవాలి.
రోజుకొకసారి, నూట ఇరవై అయిదు సార్లు.
చివరికి సున్నా మిగిలితే అవును.
ఇంకేం మిగిలినా కాదు.

పద్నాలుగు. నూట తొంభై నాలుగు.
ముప్పై ఏడు వేల ఆరు వందల ముప్పై నాలుగు.
మొదటి వారం పిల్లలాట.
ఏడో రోజుకి కాగితం బల్ల దాటింది.
నేను మంచు చీల్చే ఓడ మీద వంటవాణ్ణి,
ఒడ్డుకొచ్చినప్పుడల్లా ఆవిడకి పెన్సిళ్లు తెస్తాను.
రాత్రి నా నెత్తిమీద రబ్బరు రుద్దే చప్పుడు,
కుర్చీ జరిగే చప్పుడు.

డిసెంబరు ఆరు, కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు పెట్టే రాత్రి,
జ్వరంలో ఒక ఆరు తొమ్మిదై కూర్చుంది.
తొమ్మిదుల తనిఖీ మానేసిన మూడు రోజుల తర్వాత గానీ
దొరకలేదు.
అప్పటికి చేసిందంతా ముచ్చటైన కాకి లెక్క.
నాలుగు కాగితాలూ చింపలేదావిడ,
తప్పుకి కూడా తేదీ వేసి సొరుగులో పెట్టింది.

మార్చిలో నేనొచ్చిన రాత్రి తలుపు తీసే ఉంది.
బల్ల మీద నూట ఇరవై నాలుగో కాగితం.
"శేషం చూడు."
నెలల తరబడి తలాతోకా లేని అంకెల మంద
ఉన్నట్టుండి ఇరవై అంకెలకి తగ్గిపోయింది:
18446744073709551616.
చదరంగం బల్ల మీద గడిగడికీ రెట్టింపు పోసిన గింజలన్నీ,
పైన ఇంకొక్కటి.
అరవై నాలుగు రెండ్ల గుణకారం!
దాన్ని దానితో గుణిస్తే నూట ఇరవై ఎనిమిది రెండ్లు,
అందులో రెండు తీస్తే
సరిగ్గా ఆ సంఖ్యకి రెట్టింపు.
పెన్సిల్ అక్కర్లేదు,
ఉల్లిపాయలు తరిగే నా బుర్రకే కనిపించింది.

ఆవిడ మాత్రం రాయలేదు.
"రేపటిది రేపు," అని దీపం ఆర్పేసింది.

పొద్దున వెళ్తే హిల్కా లేదు,
మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టడానికి పోయింది.
బల్ల మీద ఆఖరి కాగితం:
తెలిసిన జవాబుకి కూడా
అంకె అంకె గుణించి, అంకె అంకె భాగించి,
అడుగున, నిశ్శేషంగా, ఒక గుండ్రటి సున్నా.
దాని పక్కన, మిల్లు రసీదుల మీద రాసినట్టే,
తేదీ.
తూచినవారు: హిల్కా.