పది గింజల పొట్లం

వెండికాగితం పొట్లం. లోపల పది గింజలు.
మూడు వేల ఆరొందలట.
మోటు సంత పల్చబడ్డాక
మడకం దేవ దాన్ని నా ముందు పెట్టి
"తడిగుడ్డలో వేసి చూడు పెద్దమ్మా,
మొలిచేదేదో నీకే తెలుస్తుంది" అన్నాడు.

నా పేరు సోడి ఉంగె.
శబరీ సీలేరూ కలిసే చోట, పాత రేషన్ గదిలో
ఊరి విత్తనాల ఇల్లు చూస్తాను.
చోళ్లు, సామలు, కొర్రలు, మూడు రకాల కందులు,
సొరబుర్రల్లో బూడిద కలిపి, మూతికి పేడ మెత్తి.
కుంచం పట్టుకెళ్తే కుంచంన్నర తేవాలి.
పుస్తకంలో నూట పన్నెండు వేలిముద్రలు,
అందులో నాదీ ఒకటి.

పొట్లం మీద ఆకు బొమ్మ, చాచిన చెయ్యిలా.
కింద ఇంగ్లీషు. దేవ చదివి చెప్పాడు:
అన్నీ ఆడమొక్కలే, అన్నీ ఒక్క ఎత్తు,
అన్నిటికీ ఒకే వాసన, నూటికి నూరు.
"ఎవరు చెప్పారు?"
"కంపెనీ."
"ఏ ఊళ్లో ఉంటుంది?"
ఫోన్ తీసి వేలితో పైకి తోశాడు, ఇంకా పైకి తోశాడు.
ఊరు రాలేదు.

అరచేతిలో పోసుకున్నాను.
ఎనిమిది గుండ్రంగా, కౌజుపిట్ట గుడ్డులా మచ్చలతో.
రెండు మాత్రం మూడు మూలలు, బూడిద రంగు.
"ఇవి గోగు రా."
నవ్వాడు. "ఫారిన్ రకం పెద్దమ్మా, నీకు తెలీదు."
నిజమే, ఫారిన్ నాకు తెలీదు.
గోగు తెలుసు.

మూడో రోజుకి తొమ్మిది తెల్లతోకలు. ఒకటి కుళ్లింది.
దేవ మొహం వెలిగింది.
మొలక ఒక్కపూట నిజం రా, అన్నాను.
తల్లెవరో తండ్రెవరో తడిగుడ్డ చెప్పదు.
మూడు వానలు అదే చేలో వేసి, మూడు కోతలు చూసి
అప్పుడడుగు, ఒకే రకమా అని.

ఏడింటిని కొండ మీదికి తీసుకుపోయాడు.
నన్ను నమ్మకపోయినా, ఎందుకో,
ఆ రెండింటినీ గుడ్డలోనే వదిలేశాడు.

దసరా దాటేసరికి ఒకటి మనిషెత్తు, ఒకటి మోకాలెత్తు,
మూడు మగవి, ఒకదానికి అసలు వాసనే లేదు.
తర్వాత ఆబ్కారీ వాళ్లొచ్చి
కొడవళ్లతో అన్నిటినీ ఒక్క ఎత్తు చేశారు.
పొట్లం మాట ఆ పూట నిజమైంది.

దేవ ఎనిమిది రాత్రులు అడవిలో పడుకున్నాడు.
ఎవరి గుమ్మంలో తిడతాడు?
దొంగసరుకుకి రసీదుండదు.
కొన్నవాడు గట్టిగా ఏడవలేడని
అమ్మినవాడికి ముందే తెలుసు.

నేను ఒప్పుమనిషినని చెప్పను.
తుపాను ఏడు నా సామలు ముక్కిపోయాయి.
తెలిసే కొలిచాను, గాదె ఖాళీ అని చెప్పలేక.
కురామి జోగె నా గుమ్మంలో కూర్చుని
మా అమ్మనీ అమ్మమ్మనీ కలిపి పొద్దెక్కేదాకా తిట్టింది.
మధ్యలో నీళ్లడిగింది. ఇచ్చాను.
తాగి మళ్లీ మొదలెట్టింది.
బడి పంతులుతో ఎర్రసిరాలో రాయించాను:
సామలు చెడ్డవి. తప్పు ఉంగెది.
పై ఏడు మళ్లీ నా దగ్గరికే వచ్చింది.
అప్పుడూ తిడుతూనే వచ్చింది.

దేవ నిన్న చోళ్లకని వచ్చాడు.
వేలిముద్ర వెయ్యమంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
"ఇది స్టేషన్‌కి పోదు రా" అన్నాక
సిరాలో మెల్లగా అద్దాడు.

అన్నం పెట్టాను. దడి పక్కన
ఆ రెండు మొక్కల మీద మిగిలిన లేతాకుతో పులుసు.
"ఏడొందల ఇరవై రూపాయల కూర" అని లెక్కగట్టి
మళ్లీ వడ్డించుకున్నాడు.

వాటి గింజలు ఒక బుర్రలో పోశాను.
గోగే, అనుమానం లేదు. కానీ ఏ ఊరి గోగో,
పైసారి ఎలా వస్తుందో తెలీదు.
మూతి మీద పేరు రాసే చోటు
ఇంకా ఖాళీగానే ఉంచాను.